తువ్వాల కింద

మా తాత ఓదెలు
పరకాల అంగట్ల ఎడ్ల దలాలి.
బేరం నోటితోని చెయ్యడు.
అమ్మేటోని చెయ్యి ఒకసారి, కొనేటోని చెయ్యి ఒకసారి
భుజం మీది ఎర్ర తువ్వాల కిందికి తీసుకుంటడు.
రెండు వేళ్లు పట్టుకుంటే ఒక ధర,
బొటనవేలు నొక్కితే ఇంకో ధర.
చుట్టూ నూరుమంది నిలబడి చూస్తరు.
తువ్వాల కదులుడే కనబడుతది.

ముప్పై ఏండ్లకు
ఎనుమాముల మార్కెట్ యార్డుల
నిచ్చెనెక్కి, రేకుల కింద
వైఫై పెట్టె విప్పుతున్న.
మార్చి నెల, నడిరాత్రి.
కింద మిర్చి బస్తాల వరుస.
ముక్కుకు చున్నీ కట్టుకున్నా
కండ్ల నీళ్లు ఆగుతలేవు.

పాత పాస్‌వర్డు క్యాంటీన్ గోడ మీదనే ఉండె,
సుద్దముక్కతోని:
మిర్చి, ఒకటి, రెండు, మూడు.
హమాలీలకు తెలుసు, చాయ్ పిలగానికి తెలుసు,
గేటు బయట కారుల కూసున్నోనికి
అందరికంటే బాగ తెలుసు.
యంత్రాలు గాలిల ధరలు చెప్పుకుంటుంటె
వాడు చెవి ఒగ్గి విన్నడు.
టెండర్ తెరవకముందే ఎవరెంత రాసిన్రో చదివి
వాని సేటుతోని పది రూపాలు ఎక్కువ రాయించిండు.
నెల దినాలు.
ఒక్క తాళం పగలలే.
ఊరందరి దగ్గర ఉన్న తాళంచెవిని
పగలగొట్టుడు ఎందుకు?

ఇగ అది బంద్.
ఒక్కో పరికరానికి ఒక్కో గుర్తింపు రాసిన.
నువ్వెవరని పెట్టె కాంటాను అడుగుతది,
మరి నువ్వెవరని కాంటా పెట్టెను అడుగుతది.
పేరు చెప్తే చాలదు,
పేరు ఎవడైనా పెట్టుకుంటడు.
రహస్యం నోట్లకెల్లి రాకుండనే
రహస్యం తెలుసని రుజువు చెయ్యాలె.
మా పుస్తకాల దీన్ని కరచాలనం అని రాసిన్రు.
చదివిన దినం నాకు తువ్వాలే యాదికొచ్చింది.

పదకొండు కాంటాలు లోపలికొచ్చినయి.
ఏడో నంబరు రాలే.
మళ్ల చూసిన. మళ్ల కాదన్నది.
దాని ముందట రేగొండ గట్టుమల్లు,
ఇరవై రెండు బస్తాలు, తూకం కాలే,
బస్తాల మీదనే ఒరిగిండు.
గుమాస్తా ఈశ్వరయ్య గడియారం చూపిచ్చి
"ఇయ్యాల్టికి ఇడిసెయ్ మేడం,
ఒక్క కాంటాకు ఏమైతది" అన్నడు.
అబద్ధమెందుకు,
నా వేలు ఆ బటన్ మీదికి పోయింది.

"ఆ కాంటా నన్ను గుర్తుపడతలేదా బిడ్డా?"
లేచి కూసున్న గట్టుమల్లు అడిగిండు.
నిన్ను కాదు పెద్దయ్యా,
దాన్నే ఎవరు గుర్తుపడతలేరు.
"దానికి మతి లేదు" అనుకుంట
అంగి జేబుల నుంచి పోయిన వారం చీటీ తీసిండు.
"నేను పుట్టిన ఏడు వేసిందని దాసుకున్న."
ఒకటి, ఒకటి, డెబ్బై.
పొద్దుగాల ఐదున్నర.

అప్పుడు తెలిసింది.
కాంటా లోపలి బిళ్ల బ్యాటరీ సచ్చింది,
కరెంటు పోయినప్పుడల్లా అది డెబ్బైకి పోయి నిలబడుతది.
నేనిచ్చిన పత్రం
దాని లెక్కల ఇంకా పుట్టలేదు.
పుట్టని పత్రాన్ని నమ్మనన్నది.
బుద్ధిమంతురాలే.

ఈ యాళ్లకు ఏ దుకాణం తెరిచుంటది?
ఈశ్వరయ్య కొంచెంసేపు తిట్టుకున్నడు,
కొంచెంసేపు ఊకున్నడు,
కారు రిమోట్ తీసి గోటితోని విప్పి
బిళ్ల నా చేతుల పెట్టిండు.
ఏడో కాంటా ఒక్క దుంకుల
యాభై ఏండ్లు దాటొచ్చింది.
నాలుగు మాటలు అటిటు పోయినయి.
పచ్చలైటు.
మొదటి బస్తా: నలభై రెండు కిలోల మూడు వందల గ్రాములు.

తెల్లారంగ గేటు బయట
ఆ కారు వచ్చి ఆగింది.
గాలి నిన్నటి లెక్కనే నిండుగ ఉన్నది.
వానికి మాత్రం
ఉత్త మిర్చి ఘాటే.
అద్దం ఎక్కిచ్చుకున్నడు.

తాత వేళ్ల లెక్క ఎవరికీ చెప్పలే.
దాన్ని ఆయనెంబడే తీసుకపోయిండు.
చిన్నప్పుడు ఒకపాలి శానా సతాయిస్తే
నా చెయ్యి తువ్వాల కిందికి తీసుకొని
మూడు వేళ్లు నొక్కి,
చిటికెన వేలు ఇడిసిపెట్టి నవ్విండు.

నాకు ఎంత కట్టిండో
ఇప్పటికీ తెల్వదు.